తోటివాళ్ల కథకు మాటసాయం

(సమాఖ్య వార్షికోత్సవ సభల్లో, యువ రచయితల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



కొత్తగా కథలు రాసేవాళ్లు ఒకరి కథ మీద ఒకరు అభిప్రాయం ఎట్లా చెప్పుకోవాలి అనే విషయం మీద మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. మేము పేరున్న రచయితలం కాము. విమర్శకులం అసలే కాము. సోలాపూర్ పూర్వ భాగంలో నెలకో ఆదివారం కూర్చునే తొమ్మిది మందిమి. మాలో ఇద్దరు చద్దర్ల కార్ఖానాలో పనిచేస్తారు. ముగ్గురు అక్కలు బీడీలు చుడుతూ, మధ్యలో తీరిక దొరికినప్పుడు రాస్తారు. ఒకరు కుట్టుపని. మిగతావాళ్లం బడి, బ్యాంకు, కాలేజీ. ఒకరు కథ చదువుతారు, ఎనిమిది మంది వింటారు, తర్వాత మాట్లాడుకుంటాం. అట్లా కూర్చోగా కూర్చోగా మాకు కుదిరిన పద్ధతులే ఇక్కడ చెప్తాం. పనికొస్తే తీసుకోండి.

ఇంత పెద్ద సభలో ఇంత చిన్న విషయమా అని కొందరికి అనిపించవచ్చు. ఒక్కసారి మన ఇళ్లు చూసుకుందాం. సోలాపూర్‌లో మన పిల్లలు మరాఠీలో చదువుతారు. బరంపురంలో ఒడియాలో, కాంచీపురంలో తమిళంలో, దొడ్డబళ్లాపురంలో కన్నడంలో చదువుతారు. ఇంగ్లీషు ఎట్లాగూ ఉండనే ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చాలామందికి తెలుగు అక్షరం రాదు. అటువంటి చోట ఒక పిల్లో పిల్లాడో తెలుగులో కథ రాస్తే, దాన్ని చదవగలిగినవాళ్లు వీధికి నలుగురు ఉంటే గొప్ప. హైదరాబాదులోనో విజయవాడలోనో ఒకాయన మాట నొప్పించినా, ఇంకో చోటికి పోయి చూపించుకోవచ్చు. పత్రికలున్నాయి, సభలున్నాయి. మనకు ఆ నలుగురే దిక్కు. ఆ నలుగురు మొదటి కథను ఎట్లా విన్నారు, విని ఏమన్నారు అనే దాన్ని బట్టే రెండో కథ వస్తదా రాదా తేలుతది. అందుకే ఇది మనకు చిన్న విషయం కాదు.

మాకేం తెలుసని చెప్పాలి?

అభిప్రాయం అడిగితే కొత్తవాళ్ల నోట మొదట వచ్చే మాట ఇదే. "నేనే రెండు కథలు రాసినోణ్ణి, ఇంకొకరికి నేనేం చెప్తాను?" అంటారు. వినయం మంచిదే. కానీ ఇక్కడ ఆ వినయం అవతలివాళ్లకు పనికిరాదు.

మగ్గం ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లను చూడండి. కండెలు చుట్టే వయసులోనే బట్ట మీద ఎక్కడ పోగు తప్పిందో కనిపెడుతుంది. "నాయినా, ఇక్కడ గీత పడ్డది" అంటుంది. నాయిన మగ్గం ఆపి వంగి చూస్తాడు. "నువ్వు ఎన్ని చీరలు నేసినవు, నాకు చెప్తానికి?" అని అడగడు. పోగు తెగిందని చూడటానికి కళ్లుంటే చాలు. దాన్ని వెతికి పట్టి ముడివేయడానికి చేతి పని రావాలి, అది నాయిన చూసుకుంటాడు.

కథకూ అంతే. ఎక్కడ మనసు లగ్నమైంది, ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ మనిషి పేరు తికమక పడ్డది, ఎక్కడ కళ్లు తడిసినయి అనేవి చెప్పడానికి పాండిత్యం అక్కర్లేదు. చదివినవాళ్లం మనం, జరిగింది మనకు. అది సాక్ష్యం లాంటిది. "ఈ కథ గొప్పది, ఈ కథ చెత్త" అనడం తీర్పు. కొత్తవాళ్లం తీర్పు జోలికి పోకుండా సాక్ష్యం చెప్తే చాలు. రాసినవాళ్లకు కావాల్సింది కూడా అదే. తన కథ అవతలి మనిషి బుర్రలోకి పోయి ఏమైందో రాసినవాళ్లకు తమంతట తాము తెలుసుకునే దారి లేదు.

"బాగుంది" అనే మాట

మనవాళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. మనమంతా చుట్టాలం. కథ రాసింది వరసకు మేనమామ అవుతాడు, లేకపోతే వదిన అవుతుంది. రేపు పెళ్లిలో ఎదురుపడాలి, మార్కండేయ రథోత్సవంలో పక్కపక్కన నడవాలి. ఎందుకొచ్చిన గొడవ అని "బాగుంది మామా, చాలా బాగుంది" అని చేతులు దులుపుకుంటాం. ఆయన ఆ కథను అట్లాగే పత్రికకు పంపుతాడు. తిరిగి వస్తది. ఎందుకు వచ్చిందో ఆయనకు తెలియదు. తెలిసినవాళ్లు చెప్పలేదు గనుక.

దీనికి వ్యతిరేకం కూడా చూస్తుంటాం. తనకు తెలిసిందంతా ఒక్క పూటలో చూపించుకోవాలని, మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా తప్పులు ఏరేవాళ్లు. ఇరవై తప్పులు ఒక్కసారి విన్న మనిషికి ఒక్కటీ గుర్తుండదు. "నాకు రాయడం రాదు" అనేదొక్కటే గుర్తుంటది.

ఈ రెంటికీ మధ్య మేము పెట్టుకున్న పద్ధతి తేలికైనది. "బాగుంది" అనవచ్చు, కానీ ఏ చోట బాగుందో చూపించి అనాలి. "నాలుగో పేజీలో ముసలమ్మ చద్దరు మడత పెట్టే చోట నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది" అంటే రాసినవాళ్లకు తమ బలం ఏమిటో తెలుస్తది. మళ్లీ అటువంటిది రాయడానికి ప్రయత్నిస్తారు. ఊరికే "బాగుంది" అంటే దేన్ని కాపాడుకోవాలో తెలియదు, తిరగరాసేటప్పుడు ఆ మంచి చోటునే కొట్టేసే ప్రమాదం ఉంది. బాగాలేని చోట్లు మాత్రం మనిషికి రెండే చెప్పాలి, అతి ముఖ్యమైనవి. మిగిలినవి తర్వాత చూసుకోవచ్చు.

పెద్దవాళ్ల కథకు చెప్పాల్సి వస్తే మర్యాద తప్పకుండానే చెప్పొచ్చు. "మామా, మూడో పేజీలో నాకు దారి తప్పింది. ఆ వచ్చిన మనిషి ఎవరో మళ్లోసారి చెప్తావా?" అని అడిగితే అందులో అగౌరవం ఏముంది? ఆయన నోటితో చెప్తున్నప్పుడే కథలో ఆ ముక్క రాయలేదని ఆయనకే తెలిసిపోతుంది.

ముందు కథ తిరిగి చెప్పడం

మా కూటమిలో ఎక్కువ పనిచేసిన పద్ధతి ఒకటుంది. అభిప్రాయాలు మొదలుపెట్టకముందు, విన్నవాళ్లలో ఒక్కొక్కరు ఆ కథను మూడు నాలుగు మాటల్లో తిరిగి చెప్పాలి. పొగడొద్దు, తిట్టొద్దు. ఏం జరిగిందో చెప్తే చాలు.

ఒక తమ్ముడు మిల్లు మూతపడ్డ ఇంటి కథ రాశాడు. సోలాపూర్‌లో 1870ల నుంచి మిల్లులున్నాయి, ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఆ ముచ్చట మా ఇళ్లల్లో అందరికీ తెలిసిందే. ఆ కథలో తండ్రి, మిల్లు పోయిన ఏళ్లకు కూడా, భోంగా మోగే వేళకే లేచి కూర్చుంటాడు. తమ్ముడు రాయాలనుకున్నది ఆ తండ్రి గురించి. విన్న ఎనిమిది మందిలో ఆరుగురం ఏం చెప్పాం? "ఒక అబ్బాయికి పుణెలో ఉద్యోగం వచ్చిన కథ" అని. తమ్ముడు ఏమీ మాట్లాడకుండా కాగితాలు తిరగేశాడు. మొదటి రెండు పేజీలూ పుణె, ఇంటర్వ్యూ, బస్సు ప్రయాణం. తండ్రి చివరి పేజీలో గానీ లేవడు. "నీ కథలో ఈ లోపం ఉంది" అని ఎవరూ అనలేదు. తనకే కనిపించింది. తర్వాతి నెల కథ భోంగా వేళతోనే మొదలైంది.

తిరిగి చెప్పడంలో ఇంకో లాభం, సరిగ్గా వినకుండా అభిప్రాయం చెప్పేవాళ్లు దొరికిపోతారు. నవ్వకండి, ఇది కూడా అవసరమే. ఒకరి కథ మీద మాట్లాడే హక్కు ఆ కథను శ్రద్ధగా విన్నవాళ్లకే ఉంటది. చేతికి కథ అందితే రెండుసార్లు చదవాలి. మొదటిసారి పెన్ను పక్కన పెట్టి, మామూలు పాఠకుల్లాగా. రెండోసారి పెన్నుతో.

చోటు మనం చూపిద్దాం, మందు వాళ్లనే వెతుక్కోనిద్దాం

మన బీడీ అక్కల్లో ఒకామె రాసిన కథ చెప్తాం. తల్లి బీడీల కట్టలు తీసుకుని కంపెనీకి పోతుంది. సగం బాగాలేవని పక్కన పారేస్తారు. చేతికి వచ్చిన డబ్బు తక్కువ. ఇంటి దగ్గర కూతురు బడి ఫీజుకు ఎదురుచూస్తుంటుంది. తల్లి గడప దగ్గరికి వస్తుంది. అక్కడ కథ ఒక్క గంతు వేసి, పదేళ్ల తర్వాత అదే కూతురి పెళ్లి దగ్గర మొదలవుతుంది.

విన్నాక ఒక చెల్లె అన్నది: "అక్కా, ఫీజు కట్టారా లేదా అని నేను ఇంకా గడప దగ్గరే నిలబడ్డ. పెళ్లికి రాలేకపోయిన." ఇది చక్కని అభిప్రాయం. చోటు చూపించింది, తనకు జరిగింది చెప్పింది, ఆగింది.

తర్వాత మిగతావాళ్లం మందులు మొదలుపెట్టాం. ఒకరు మేనమామ వచ్చి ఫీజు కట్టినట్టు రాయమన్నారు. ఇంకొకరు వడ్డీకి తెచ్చినట్టు పెట్టమన్నారు. మరొకరు పెళ్లిని మొత్తం తీసేయమన్నారు. అక్క అన్నీ విన్నది, ఏదీ తీసుకోలేదు. నెల తర్వాత ఐదు వాక్యాలు కలిపి తెచ్చింది. ఆ సాయంత్రం పెద్ద కూతురు ఎవరూ అడగకుండానే పుస్తకాల సంచి మేకుకు తగిలించి, తల్లి పక్కన చేట ముందు వేసుకుని కూర్చున్నది. ఫీజు చిన్నదానికి కట్టారు. పెళ్లి చిన్నదానిది. పెద్దది ఆ పెళ్లిలో వడ్డిస్తూ ఉంటుంది.

మా ఎనిమిది మందిలో ఎవరి మందులోనూ పెద్ద కూతురు లేదు. ఆ మనిషి అక్కకే తెలుసు. ఇందులోంచి మాకు తెలిసిందేమిటంటే, చదివినవాళ్లు నొప్పి ఉన్న చోటును చాలావరకు సరిగ్గానే చూపిస్తారు. మందు చెప్పినప్పుడు మాత్రం తమ కథకు సరిపోయే మందు చెప్తారు. అందుకని చోటు చెప్పి ఆగుదాం. రాసినవాళ్లు "ఏం చేస్తే బాగుంటది?" అని నోరు తెరిచి అడిగితే అప్పుడు చెప్పొచ్చు, అదీ ఒక మాటగానే.

కథను కథగానే చూద్దాం

ఈ ముక్క ముఖ్యంగా మన ఇళ్ల కోసం చెప్తున్నాం. ఒకామె తాగి వచ్చే భర్త కథ రాస్తే, వినగానే కొందరు అడిగేది: "ఇది ఫలానా వాళ్ల ఇంటి సంగతి కదూ?" ఇంకొందరు లోపల అనుకునేది: "ఈమె ఇంట్లో ఇట్లా ఉందన్నమాట." అంతటితో కథ పక్కకు పోయింది, ఊసులు మొదలయ్యాయి. ఆమె ఇంకోసారి కలం పట్టదు. పట్టినా పండగల గురించి, పూల గురించి రాస్తుంది. చిన్న సమాజంలో ఆడవాళ్ల కథలు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతున్నాయని మా నమ్మకం.

అందుకే మాకొక కట్టుబాటు ఉంది. కథలో మనిషిని కథలో పేరుతోనే పిలవాలి. "నువ్వు ఆ రోజు ఎందుకు ఊరుకున్నవు?" అనకూడదు. "లక్ష్మి ఆ రోజు ఎందుకు ఊరుకుంది? నాకు కారణం అందలేదు" అనాలి. ఇది నిజంగా జరిగిందా అని ఎవరూ అడగకూడదు. "కానీ ఇది నిజంగా జరిగిందండీ" అని రాసినవాళ్లు కూడా వాదించకూడదు. నిజంగా జరిగినదైనా కాగితం మీద నమ్మేటట్టు ఉండాలి, అది వేరే పని. కూటమిలో విన్న కథ అచ్చయ్యేదాకా గడప దాటి పోకూడదు.

దీనికి దగ్గరి ఇబ్బంది ఇంకొకటి. "మన కులం వాళ్లను ఇట్లా చూపిస్తావా? నలుగురిలో చెడ్డపేరు కదా!" అంటారు. "చివర్లో భర్త మారినట్టు రాయి, నీతి ఉండాలి" అంటారు. ఈ మాట వెనక ఉన్న ప్రేమ మాకు తెలుసు. పొట్ట చేత పట్టుకుని పరాయి ప్రాంతం వచ్చి, పరువుగా నిలబడ్డ సమాజం మనది. కానీ అప్పులు, తాగుడు, కట్నాలు మన ఇళ్లలో లేవా? సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుల ఆత్మహత్యలు మనకు తెలియనివా? బయటివాళ్లు మన గురించి రాస్తే తప్పు రాశారంటాం. మనవాళ్లు ఉన్నదున్నట్టు రాస్తే రాయొద్దంటాం. మరి ఎవరు రాయాలి? కథలో బాధ నమ్మకంగా ఉందా, ఆ మనుషుల మీద రాసినవాళ్లకు దయ ఉందా అని అడగండి. అది న్యాయమైన ప్రశ్న. చెడ్డపేరు లెక్క కథకు కట్టకండి.

మన తెలుగును దిద్దడం

ఇక అన్నిటికంటే ఎక్కువగా చేతులు దురద పెట్టే చోటు భాష. మా దగ్గర నాయనమ్మలు "పగార్ వచ్చినాక చూద్దాం", "ఇయ్యాల కార్ఖానాకు సుట్టీ" అంటారు. ఒక కథలో నాయనమ్మ అట్లాగే మాట్లాడింది. ఒక చదువుకున్న పాఠకుడు ఎర్రసిరాతో పగార్‌ను జీతం చేశాడు, సుట్టీని సెలవు చేశాడు, ఇయ్యాలను ఈరోజు చేశాడు. వ్యాకరణం బాగుపడింది. నాయనమ్మ మాత్రం కథలోంచి లేచి వెళ్లిపోయింది. ఆమె చోట వార్తలు చదివే మనిషి వచ్చి కూర్చున్నట్టు అయ్యింది.

కరీంనగర్, నల్లగొండ, వరంగల్ నుంచి మూటాముల్లె కట్టుకుని వచ్చిన మాట, మరాఠీతో వందేళ్లకు పైగా కాపురం చేసిన మాట మాది. కాంచీపురం వాళ్ల తెలుగులో తమిళం కలిసి ఉంటది, బరంపురం వాళ్ల తెలుగులో ఒడియా. ఈ తెలుగులు పాఠ్యపుస్తకాల్లో దొరకవు. మన కథల్లో కూడా చెరిపేస్తే ఇంకెక్కడా మిగలవు.

పెద్ద రచయితలు ఈ పని ఎంత శ్రద్ధగా చేశారో చూడండి. పోరంకి దక్షిణామూర్తి గారు మూడు నవలలు మూడు మాండలికాల్లో రాశారు. "వెలుగూ వెన్నెలా గోదారీ" కోస్తా మాటలో, "ముత్యాల పందిరి" తెలంగాణ మాటలో, "రంగవల్లి" రాయలసీమ మాటలో. పులికాట్ సరస్సు చుట్టుపక్కల తెలుగును స.వెం. రమేశ్ గారు "ప్రళయకావేరి కథలు"లో నిలిపారు. తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ అనే పల్లెలో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగు. ఆయన రాసింది తమిళంలో, అదీ ఆ నల్లరేగడి సీమ రైతుల మాటలో. తెలుగువాళ్లు వలస వచ్చి ఊరు కట్టుకున్న ముచ్చటను "గోపల్ల గ్రామం" అనే నవలగా చెప్పారు. దాని తర్వాతి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. యాస వల్ల ఆయన రచన తక్కువ కాలేదు. యాసే ఆయన పేరు నిలబెట్టింది.

అయితే యాస వేరు, అక్షరదోషం వేరు. ఒత్తు పోవడం, ల బదులు ళ పడటం, ఫోన్‌లో మాట్లాడి టైపు చేయిస్తే ఒక మాటకు ఇంకో మాట రావడం, ఇవి దోషాలే. వీటిని నలుగురిలో చదవకుండా, ఒక కాగితం మీద రాసి చేతికి ఇస్తే సరిపోతది. తెలుగు అక్షరం పెద్దయ్యాక నేర్చుకున్న పిల్లలు మనలో చాలామంది. వాళ్ల దోషాలు సభలో చదివితే సిగ్గుతో ముడుచుకుపోతారు.

యాస గురించి అడగదగ్గవి రెండే. మొదటిది, మనిషి మాట కథ పొడుగునా ఒక్కతీరుగా ఉందా? నాయనమ్మ ఒక పేజీలో "వస్తది" అని, ఇంకో పేజీలో "వచ్చుచున్నది" అంటే అడగాలి. రెండోది, వేరే ఊరివాళ్లకు అర్థమవుతుందా? సేలం పాఠకుడికి భోంగా అంటే మిల్లు కూత అని తెలియకపోవచ్చు. "ఈ మాట దగ్గర ఆగిపోయాను" అని ఆయన చెప్పాలి. రాసినవాళ్లు మాట మార్చనక్కర్లేదు. పక్క వాక్యంలో "భోంగా కూసింది, గేటు దగ్గర జనం కదిలారు" అని రాస్తే మాటా ఉంటది, అర్థమూ అందుతది.

వినేవాళ్ల వంతు

ఇప్పటిదాకా చెప్పేవాళ్ల సంగతి. తన కథ మీద మాట వినేవాళ్లకూ ఒక పద్ధతి ఉంది. అందరూ చెప్పేదాకా నోరు విప్పకుండా రాసుకోవడమే. ఇది కష్టం, ఒప్పుకుంటాం. ప్రతి మాటకూ జవాబు చెప్పాలని నాలుక లాగుతుంది. కానీ కథ పత్రికలో పడ్డాక చదివే ప్రతివాళ్ల పక్కనా కూర్చుని "నా ఉద్దేశం అది కాదండీ" అని చెప్పలేం కదా. అంతా అయ్యాక రెండు ప్రశ్నలు అడగవచ్చు. ఇంటికి పోయి రెండు రోజులు కాగితం ముట్టకుండా ఉంటే మంచిది. ఒక్కరే అన్న మాట వాళ్ల ఇష్టం కావచ్చు. ముగ్గురు ఒకే చోట వేలు పెడితే అక్కడ చూసుకోవాలి. చెప్పిన మందు నచ్చకపోయినా సరే, చోటు మాత్రం చూసుకోవాలి.

తిరగరాయడం తలవంపు కాదు. గురజాడ అప్పారావు గారి "కన్యాశుల్కం" 1897లో అచ్చయింది. 1909లో ఆయనే దాన్ని ఎంతో పెంచి, మార్చి మళ్లీ అచ్చు వేయించారు. మనం ఇవాళ చదువుకునేది ఆ రెండో రూపమే. 1910లో ఆయన రాసిన కథ పేరే "దిద్దుబాటు". అందులో కమలిని భర్తను ఎదురుగా నిలబెట్టి తిట్టదు. ఉత్తరం రాసిపెట్టి, ఆయన తప్పు ఆయనే తెలుసుకునేంత చోటు వదిలిపెడుతుంది, తాను మాత్రం ఆ గదిలోనే ఉంటుంది. తోటివాళ్ల కథను దిద్దాలనుకునేవాళ్లకు ఆ పద్ధతి పనికొస్తుంది. చోటు వదలాలి, వదిలిపెట్టి పోకూడదు.

మనకేం లాభం?

ఇంకొకరి కథకు ఇంత సమయం పెడితే నా కథ ఎప్పుడు రాసుకోను అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. మన కథ మనకు అద్దంలో ముఖం లాంటిది, రోజూ చూసి చూసి అలవాటైపోతుంది. పక్కవాళ్ల కథలో "ఇక్కడ నాకు విసుగొచ్చింది, ఎందుకు?" అని ఆలోచించిన మనిషి, తన కథలో అటువంటి చోటు వచ్చినప్పుడు తనే గుర్తుపడతారు. కాళీపట్నం రామారావు మాస్టారు కొత్తగా రాసేవాళ్ల కోసం "కథాకథనం" అనే పుస్తకం రాశారు, తప్పకుండా చదవండి. ఆయన శ్రీకాకుళంలో 1997లో కథానిలయం తెరిచి, పాత పత్రికలు వెతికించి వేలాది తెలుగు కథలు ఒకచోట చేర్చారు. పెద్ద పేరున్నవాళ్ల కథలతో పాటు, ఒక్క కథ రాసి ఆగిపోయినవాళ్ల కథలకూ అక్కడ చోటిచ్చారు. అంత గొప్ప రచయిత, రాయడంతో సమానంగా ఇతరుల కథలు చదవడానికి, దాచడానికి ఎన్నో ఏళ్లు పెట్టారు. పుస్తకాలు చదవడం ఒక చదువు, పక్కన కూర్చున్న మనిషి పచ్చి కథను ఓపికగా వినడం ఇంకో చదువు. రెండోది డబ్బులు లేకుండా దొరుకుతుంది.

సమాఖ్యకు, ఇళ్లకు మా మనవి

చివరగా మూడు మనవులు. ఒకటి, ప్రతి ఊరి శాఖలో నలుగురు దొరికినా చాలు, నెలకోసారి కథ వినే కూటమి పెట్టండి. ఖర్చు లేదు, టీ నీళ్లు తప్ప. రెండు, ఊరూ ఊరూ కథలు మార్చుకుందాం. మా సోలాపూర్ కథను బరంపురం వాళ్లు చదివి ఎక్కడ ఆగిపోయారో చెప్పాలి, వాళ్ల కథను మేము చదవాలి. చుట్టరికం మొహమాటం లేని పాఠకులు అట్లా దొరుకుతారు.

మూడోది ఇంట్లో పెద్దవాళ్లకు. "మాకు చదువు రాదు, మాకెందుకు?" అనకండి. కథను చదివి వినిపించమనండి. మా కూటమిలో ఒక అక్క ప్రతి కథనూ ముందు వాళ్ల అత్తమ్మకు వినిపిస్తుంది. ఆమెకు అక్షరం రాదు. ఒకసారి కథంతా విని ఆమె ఒక్కటే అడిగింది: "పొద్దటి నుంచి ఆ పిల్ల తిరుగుతనే ఉన్నది, ఎప్పుడన్న ఇంత అన్నం తిన్నదా?" మేమెవరం చూడని చోటు అది. కథలో పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ పిల్ల ఏమీ తినలేదు, రాసినామె కూడా ఆ సంగతి మరిచిపోయింది. ఇప్పుడు ఆ కథలో మంచి వాక్యం ఆ అన్నం గురించినదే.

మీ ఇంట్లో ఎవరైనా రాస్తుంటే, ఈ సభలు ముగిసి ఇంటికి పోయాక ఒక సాయంత్రం టీవీ ఆపి, "చదువు బిడ్డా, వింటాం" అనండి. విన్నాక ఒక్క చోటు నచ్చిందని, ఒక్క చోటు అర్థం కాలేదని చెప్పండి. రెండో కథ రావడానికి అంత చాలు.

 మా మాటల్లో ఏ చోటైనా మీకు అందకపోతే, భోజనాల దగ్గర మమ్మల్ని ఆపి అడగండి. రాసుకుంటాం.